చేనుకు కప్పెయ్యి, అప్పుడు తీస్తం

మా మేనత్త శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు నారాయణఖేడ్‌లో తన ఇంట్లో చనిపోయింది. నాలుగు రోజుల జ్వరం. గంట తిరక్కముందే పటేలు మనిషి వాకిట్లోకి వచ్చి, సోమవారం జొన్న కోతకు ఎవరూ రుమాలు చుట్టుకుని రావద్దని చెప్పిపోయాడు. ఈ రెండు వార్తలకూ సంబంధం ఉంది.

తలకు చుట్టే గుడ్డను మా దగ్గర రుమాలంటారు. పటేలు గట్టు మీద ఉన్నంతసేపు కూలీలు దాన్ని తీసి చంకలో పెట్టుకోవాలన్నది పాత రివాజు. వెనకటి పటేలు ఇట్లా వచ్చి అట్లా పోయేవాడు. ఇప్పటి పటేలు గొడుగు కింద కుర్చీ వేయించుకుని పొద్దంతా కూర్చుంటాడు. అట్లాంటి ఒక మధ్యాహ్నం మా మామకు వడదెబ్బ తగిలింది. బండిలో దవాఖానకు తెచ్చేసరికి ప్రాణం లేదు. రుమాలు చంకలోనే ఉంది.

మరుసటి ఏడు కోతకు అత్త ఆ రుమాలే తన తలకు చుట్టుకుని వెళ్లింది. పటేలు మనిషి అడ్డం వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మేం క్రైస్తవులం, చర్చిని గుడి అనే అంటాం. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

“ఏందే, గుళ్లె మీ దేవుని ముందట మొగోళ్లు రుమాల్లు తీస్తరు గదా. పటేలు ముందట తియ్యనీకె ఏం రోగం?”

“మా దేవుని గుడికి కప్పున్నది. మీ చేనుకు కప్పెయ్యి, అప్పుడు తీస్తం.”

“పెంకులతోని ఎయ్యమను అక్కా, గడ్డి వద్దు!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. కూలీలు నవ్వారు. పటేలు కుర్చీలోంచే చెయ్యి ఊపి కోత కానియ్యమన్నాడు. జొన్న ఎండి రాలుతోంది, కోసేవాళ్లు వేరే లేరు. ఆ పూట ముగ్గురు రుమాలు చుట్టుకున్నారు. వారం తిరిగేసరికి అందరూ చుట్టుకున్నారు.

అత్త మెత్తని మనిషి కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి గుమ్మంలో కుసుమ నూనె గిన్నెతో నిలబడేది. పగిలిన పెదవులకు, కమిలిన మెడలకు తనే రాసేది. వద్దన్నవాళ్ల చెవి పట్టుకుని రాసేది.

“మట్టిల కలిసే తోలుకు గింత సేవ ఏంది పెద్దమ్మా?” అన్నాడొకాయన.

“నీ తోలు నీదనుకుంటున్నవా? దేవుడు అప్పజెప్పిండు. అడిగిననాడు మాడ్చి ఇస్తవా?”

చేలో ఆమెకు గడియారం లేదు. “నీడ కాళ్ల కిందికి దాక్కున్నదంటే నువ్వు గూడ దాక్కో” అనేది. కొడవలి పక్కన పెట్టి చెట్టు కిందికి నడిచేది. పటేలు మనిషి అరిచినా నీడ మళ్లీ బయటికి వచ్చేదాకా లేచేది కాదు.

గురువారం నాతో అన్న చివరి మాటలివి: “నన్ను ఎండల మొయ్యకుండ్రి. బొంద కాడ ఎవలన్న ఉత్త నెత్తితోని నిలబడితే లేసొస్త.”

ప్రార్థనప్పుడు మగవాళ్లు రుమాలు తీయాలి కదా అని పాస్టరు మొదట సందేహించాడు. బొందకు కప్పు లేదని అత్త కూతురు గుర్తు చేసింది. ఆయన ఒప్పుకున్నాడు.

ఈ శనివారం సాయంత్రం, నీడలు సాగాక, సమాధి చేస్తారు. మామ రుమాలును అత్తతోపాటు పెడదామన్నారు కొందరు. కూతురు ఇవ్వలేదు. ఉతికి దడి మీద ఆరేసింది.

సోమవారం పొద్దున కోత మొదలు. అది చుట్టుకుని ముందు ఆమె నడుస్తుంది.