తిష్రీన్ రెండోది

ఇర్బిద్ ఆసుపత్రిలో రోగుల చీటీలు చదివే ప్రోగ్రామును చూసుకునేది రవంద్. బయటి నుంచి కొన్న ఆ ప్రోగ్రాము అరబిక్ అక్షరాలు రాగానే తడబడేది. తేదీని ఎలా చదవాలో చెప్పే భాగాన్ని ఆమె తమ్మూజ్ నెల ఎండల్లో మళ్లీ రాసింది. ఆ తర్వాత ఎవరూ ఆమెను పిలవలేదు. ఆ ఉద్యోగంలో మెప్పంటే అదే.

తిష్రీన్ రెండోది, అంటే నవంబరు, మొదలైన పొద్దున్న పిలిచారు.

డయాలిసిస్ గది గుమ్మంలో అబూ జరీర్ చక్రాల కుర్చీలో ఉన్నాడు. కాళ్లు పొంగి చెప్పులు పట్టడం లేదు. అతని చీటీకి గడువు దాటిపోయిందని యంత్రం తిప్పికొట్టింది. చీటీ ఒప్పుకుంటే తప్ప డాక్టరు రాసిన మోతాదు తెర మీదికి రాదు. మోతాదు తెలియకుండా సూది గుచ్చనని నర్సు నిహాయా తేల్చేసింది. డాక్టరు ఫోనెత్తడం లేదు.

"ఇంజనీరమ్మా, నీ మిషను నన్ను పోయిన నెల్లోనే సాగనంపేసినట్టుంది," అన్నాడు అబూ జరీర్, ఊపిరి కోసం ఆగుతూ. "ముందే చెబితే... పరామర్శకొచ్చేవాళ్లకి చేదు కాఫీ పెట్టించేవాణ్ణి గదా."

"మాట్లాడకు బాబాయ్," అంది నిహాయా. రవంద్ చెవి దగ్గర గొంతు తగ్గించింది. "ఎక్కువసేపు ఆగలేడు."

రవంద్ చీటీ చూసింది. తేదీ సరిగానే ఉంది. నిన్నటిదాకా యంత్రమూ బాగానే నడిచింది. నెల పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. తను పరీక్షించింది వేసవిలో. అప్పటి నెలల పేర్లన్నీ ఒక్క మాటవే. చలి మొదలయ్యాక మొదటిది, రెండోది అంటూ తిష్రీన్లు రెండు, ఆపైన డిసెంబరు, జనవరులకు కానూన్లు రెండు. ఖాళీ కనబడగానే పేరు అయిపోయిందనుకుని ప్రోగ్రాము ముందుకు పోతోంది. తిష్రీన్ అంటే మొదటిదనే తీసుకుంటోంది. పోయిన నెలంతా అది నిజమే కాబట్టి ఎవరికీ తెలియలేదు. పుట్టినప్పటి నుంచి ఆ రెండు మాటల్నీ కలిపే పలికిన తనకూ తట్టలేదు.

నర్సు బల్ల దగ్గరే కూర్చుంది. మార్పు ఏదైనా ముందు వేరే యంత్రంలో నడిపి చూడాలన్నది ఆమె పెట్టిన నియమమే. ఇప్పుడు నెల పేరును మొత్తంగా పోల్చమని ఒక వరుస రాసి, నేరుగా ఈ యంత్రంలోనే పెట్టేసింది. చీటీ మళ్లీ చూపించారు. ఎర్ర దీపమే వెలిగింది. వెనక అబూ జరీర్ దగ్గు ఆగడం లేదు. రాసినదంతా పైనుంచి మళ్లీ చదివింది. పేరు మొత్తం పోల్చమన్న వరుస, ఖాళీ దగ్గర మాట విరిచే వరుసకు కింద పడింది. పైకి జరిపింది.

మోతాదు తెర మీదికి వచ్చింది. నిహాయా దాన్ని రెండుసార్లు పైకి చదివి, కుర్చీని లోపలికి తోసింది.

రవంద్ లేవలేదు. గొట్టంలోకి నెత్తురు ఎక్కాక అబూ జరీర్ తల తిప్పి చూశాడు.

"కానూన్లో కూడా రానిస్తుందా తల్లీ?"

"అదే చూస్తున్నా బాబాయ్," అంది, కానూన్ రెండోది అని తేదీ రాసిన ఉత్తుత్తి చీటీ యంత్రం ముందు పెడుతూ.