జగదాంబ ఉలవకుండ

తాడు ఇంకా గాలిలో ఉండగానే జగదాంబ ఎందుకు వెళ్ళిపోయింది?

అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది. నడుమ కట్టిన ఎర్రగుడ్డ జానెడు అటూ జానెడు ఇటూ ఊగుతోంది. రెండు కార్ఖానాల జనం గొంతులు చించుకుని అరుస్తున్నారు. మా ఎనిమిది మందికీ నలభై రోజులు వండిపెట్టిన మనిషి, ఆ తాడు మీదే తన బతుకు పెట్టిన మనిషి, సరిగ్గా అప్పుడే లేచి వెళ్ళిపోయింది. గెలుస్తామని తెలిసిపోయిందా? ఓడితే చూడలేననుకుందా? నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఏదో చదువుకుంటూ, పేజీలో వేలు పెట్టి ఆగిపోతాను. ఈ ప్రశ్న దగ్గరే.

అది ఎనభై మూడు జనవరి. బీహారు వైపు ఆదిత్యపూర్‌లో రైలు పెట్టెలకి కొక్కేలూ బోల్టులూ సాగగొట్టే కార్ఖానాలో నేను స్టోరు గుమస్తాని. పనివాళ్ళలో సగం మంది మా శ్రీకాకుళం వైపు వాళ్ళే. మిగిలినవాళ్ళు ఒడియా వాళ్ళు, బీహారీలు, చుట్టుపక్కల ఆదివాసులు. వెనక గోడవార రేకుల కేంటీన్, దాన్ని ఆనుకుని ఒక చిన్న గది. మా దగ్గరే పనిచేసే భర్త ముసలయ్య జ్వరంతో పోయాక కేంటీన్ పని జగదాంబకి ఇచ్చారు. పని ఉన్నంతకాలమే ఆ గది.

పొట్టి మనిషి. కొంగు బొడ్డున దోపుకుని, ఎక్కడో పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు నడిచేది. మాట పొదుపు. కానీ వెళ్ళేటప్పుడు మాత్రం ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి "వత్తాను బాబూ" అని చెప్పందే కదిలేది కాదు. నీళ్ళకి కుళాయి దాకా వెళ్ళినా సరే, చెప్పే వెళ్ళేది.

ఏటా జనవరిలో ఆ చుట్టూ ఉన్న కార్ఖానాల మధ్య తాడు లాగే పోటీ జరిగేది. అక్కడ రస్సాకసీ అనేవారు. మా జట్టు ఆరేళ్ళుగా మొదటి ఆటలోనే బోర్లాపడి, మోకాళ్ళు గీరుకుని తిరిగొచ్చేది. బలం లేక కాదు, రోజంతా సమ్మెట ఎత్తే మనుషులు. రెండు నిమిషాలు లాగేసరికి ఆయాసం. ఉండదా మరి! పొద్దున పూరీలు, పదకొండింటికి సమోసాలు, నడుమ నడుమ ఏడెనిమిది గ్లాసుల చాయ్. నా సంగతీ అంతే. కడుపులో మంట, రాత్రి నిద్ర పట్టదు, మేనేజరు గదిలో గంట మోగితే గుండె దడ. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దలాంటి మాత్రలు.

డిసెంబరులో ఒక పొద్దున కేంటీన్‌కి వెళ్తే పూరీల మూకుడు లేదు. రెండు కుండలున్నాయి. ఒకదాంట్లో చోడి అంబలి, అంటే రాగి జావ, రెండోదాంట్లో ఉల్లిపాయ ముక్కలు వేసి ఉడికించిన ఉలవలు.

ముందు నిలబడ్డది బలరామ్. అక్కడికి దగ్గర్లోనే అగ్రికో క్వార్టర్లలో పుట్టి పెరిగిన కుర్రవాడు, తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు చెప్పేవాడు. "అరే మౌసీ, యే తో ఘోడే కా ఖానా హై!" అన్నాడు, గుర్రాల తిండి ఇది అని వెక్కిరింపు.

"గుర్రం లాగినట్టు నువ్వెప్పుడైనా లాగేవేట్రా?" అంది జగదాంబ, గరిటె ఆపకుండా.

వరసలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నవ్వనివాడు బంగార్రాజు ఒక్కడే. జట్టులో తాడు కొసన నిలబడేది అతనే. "అప్పా, మేం సమ్మెటెత్తీవోలం. గొడ్డుదాణా ఎట్టి మా పేణాలు తీకు" అని, తిన్నగా మేనేజరు దగ్గరికి పోయాడు. మా వైపు అప్ప అంటే అక్క.

మేనేజరు సీతారామరావు చెడ్డవాడు కాడు. జనం గొణుగుడు వినలేడు, అంతే. జగదాంబని పిలిపించినప్పుడు నేను ఏదో కాగితం మీద సంతకానికి ఆ గదిలోనే ఉన్నాను.

"చూడు జగదాంబా, సాక్చి బజారు నుంచి ఒక మిఠాయి కొట్టాయన పూరీల పొయ్యితో సహా వచ్చేస్తానంటున్నాడు. ఫిబ్రవరి నుంచి కేంటీన్ ఆయనకి ఇచ్చేద్దామనుకుంటున్నాను."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అడిగింది. "తాడాటకి ఎన్నాళ్ళుంది బాబూ?"

"నలభై రోజులు. దానికీ దీనికీ ఏమిటి?"

"ఆ ఎనమండుగుర్నీ నలభై రోజులు నాకొగ్గేయండి. నేనెట్టిందే తినాల. ఓడిపోతే నా కుండ నేనెత్తుకుని ఎల్లిపోతాను. గది కూడా ఇడిసేత్తాను."

"గెలిస్తే?"

"గెలిత్తే నేనొండిందే అందరూ తినాల. తవరు కూడాను."

సీతారామరావు నవ్విన నవ్వుకి చేతిలో చాయ్ ఒలికి ఫైలు తడిసింది. సరేనన్నాడు.

సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "ఎందుకన్నావమ్మా అంత మాట? గది వదిలేసి ఎక్కడికి పోతావు?"

"మా నాన్న పందెం ఎడ్లని మేపీవోడు బాబూ" అంది, చోళ్ళు చెరుగుతూ. "ఏ ఎద్దయినా మాంసం తిని బండి లాగిందేటి? ఉలవలు, గడ్డి, తెలకపిండి. అంతే. అయితే ఒకటుంది. బెదిరిన ఎద్దుకి మేత అరగదు. అది నెమరేసినంతసేపూ మా నాన్న అటుకేసి ఎవుర్నీ రానిచ్చీవోడు కాదు. ఈలు తినీది సూడండి, ఒక సెవి గంట మీద, ఒక కన్ను ఫోర్‌మేన్ మీద. ఏటరుగుద్ది?"

"పందెంలో మీ ఎడ్లు గెలిచేవా? మీ నాన్న ఎగిరి గంతులేసేవాడా?"

"ఆయన ఆఖరిదాకా ఎక్కడ సూసీవోడు! ఎడ్లొచ్చీతలికి కుడితి కలిపి ఉంచాల గదా" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు.

మర్నాటి నుంచీ ఆ రేకుల కొట్టం వేరే దేశం అయిపోయింది. పొద్దున ఆరింటికి చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ. పదకొండింటికి నువ్వులూ బెల్లం దంచిన ఉండ. మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నంలో ఉలవలో బొబ్బర్లో, గుప్పెడు మునగాకు, తోటకూర. సాయంత్రం తాడు దగ్గరికి పోయేముందు, బీహారీ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న సత్తు, అంటే వేయించిన శనగల పిండి, ఉప్పూ నిమ్మరసం వేసి నీళ్ళలో కలిపి ఇచ్చేది. పొద్దుగూకే లోపు ఉడకబెట్టిన చిలగడదుంపలు. చాయ్ రోజుకి ఒక్కటే. చోళ్ళని సాక్చి బజారులో మడువా అంటారు. ఆ సంచీ సైకిలు మీద మోసుకొచ్చిన ఘనత నాదే.

వంటకన్నా విచిత్రం ఆమె పెట్టిన రెండో నియమం. తిన్నంతసేపూ పని మాట ఎత్తకూడదు. ఫోర్‌మేన్ ఒకాయన అలవాటు కొద్దీ చీటీ పట్టుకుని లోపలికి వచ్చాడు. జగదాంబ గుమ్మంలో గరిటె అడ్డం పెట్టింది.

"తవరి కాయితం కాసేపు ఎండలో ఆరబెట్టండి బాబూ. ఈలు తింటన్నారు."

ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు ఆ కార్ఖానాలో అంతవరకూ లేరు. ఆయన నిజంగానే బయట ఎండలో నిలబడ్డాడు!

మొదట్లో ఆ నిశ్శబ్దానికి మావాళ్ళకి ముద్ద దిగలేదు. వారం తిరిగేసరికి నమిలే చప్పుడు వినిపించడం మొదలైంది. పదో రోజున బంగార్రాజు వచ్చి, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా నిలబడ్డాడు. "అప్పా, రాత్రి నిద్దరట్టేసింది. నేను సచ్చిపోయేననుకుని మా ఆడది ఏడిసి లేపింది."

"మల్లీ లేపొద్దని సెప్పు" అంది జగదాంబ.

నేను తొమ్మిదోవాణ్ణయ్యాను, ఎవరికీ చెప్పకుండా. సంక్రాంతి లోపల ఒకరోజు చొక్కా ఉతకడానికి వేస్తూ జేబులో మాత్రల పొట్లం చూసి ఆశ్చర్యపోయాను. దాని సంగతే మరిచిపోయాను.

స్టోరు వెనక ఇంజను తీసేసిన పాత లారీ ఒకటి పడి ఉండేది. కొత్త తాడు నేనే తీసి ఇచ్చాను. దాన్ని లారీకి కట్టి రోజూ లాగేవారు. మొదటి రోజు అది వాళ్ళని చూసి నవ్వింది. వారం, రెండు వారాలు, అది కదలదు. ఇరవై మూడో రోజు సాయంత్రం కిర్రుమని చప్పుడు. చక్రం ముందున్న మట్టి పగిలింది.

"కదిలింది రోయ్!"

"హిల్ గయా! హిల్ గయా!" అని బలరామ్ గంతులు. లోపల సమ్మెటలు ఆగిపోయాయి. కార్ఖానా మొత్తం బయటికి పరిగెత్తుకొచ్చింది. నేను రంగు డబ్బా మూతతో చక్రం జరిగిన మేర కొలిచాను. జానెడు! జగదాంబ గరిటెతో వచ్చి చక్రాన్ని చూసి, "ఇంకో నాలుగు మూరలు లాగండి. కుళాయి దారికి అడ్డంగా ఉంది" అని లోపలికి పోయింది.

పోటీ శని ఆదివారాలు. శనివారం రెండు ఆటలూ గెలిచాం! ఆరేళ్ళుగా బోర్లాపడ్డవాళ్ళు అవతలి జట్లని ఈడ్చి పారేశారు. ఆదివారం ఫైనల్, గేర్ల కార్ఖానా వాళ్ళతో. ఒక్కొక్కడు ఎడ్లబండి చక్రం అంత మనిషి.

ఆ శనివారం సాయంత్రమే మావాళ్ళు చేయకూడని పని చేశారు. గెలిస్తే మేకని ఇస్తామని పోలమ్మ తల్లికి మొక్కుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ మొక్కు ముందే తీర్చేద్దామని బంగార్రాజుకి బుద్ధి పుట్టింది. తీర్చేశారు. తల్లి ప్రసాదం వద్దనకూడదు గదా, ఎనిమిది మందీ గొంతు దాకా తిన్నారు.

ఆదివారం పొద్దున మూడు లాగుళ్ళలో మొదటిది కన్ను మూసి తెరిచేలోగా పోయింది. బంగార్రాజు బరువైన బస్తాలా గీత అవతలికి కొట్టుకుపోయాడు. జనం ఈలలు. సీతారామరావు కుర్చీలో వెనక్కి వాలి గెడ్డం గోక్కున్నాడు.

మైదానం గట్టున నా పక్కనే అంబలి కుండతో కూర్చున్న జగదాంబ లేచి వాళ్ళ దగ్గరికి నడిచింది. నేనూ లోటాలు పట్టుకుని వెనకే వెళ్ళాను.

"ఏటి తిన్నారు?"

బలరామ్ అన్నాడు, తెలుగులో, తడబడుతూ. "మేకని... కోసేసినాం, పిన్నీ."

"గెలిసేక గదరా మొక్కు?"

"గెలిసేక ఇత్తామంటే ఆయమ్మ నమ్ముద్దో నమ్మదో" అన్నాడు బంగార్రాజు నేల చూస్తూ. "ముందే ఇచ్చేత్తే... ఆ తల్లికి మొగమాటం పట్టుకుంటాది గదా అనుకున్నాను అప్పా. పెద్ద ముక్కలు నేనే తిన్నాను. నన్ను తీసేసి ఇంకోణ్ణి ఎట్టండి. నీ గది పోతాది."

ఇంకెవరైనా అయితే ఆ కుండ వాళ్ళ నెత్తిన పగలగొట్టి ఉండేవారు. ఆమె నేల మీద చతికిలబడి కూర్చుంది.

"ఒక పూట మేకకి నలభై రోజులు తిన్నది ఎక్కడికి పోతాదిరా? ఒంట్లోనే ఉంటాది. ఇప్పుడు మిమ్మల్ని పట్టింది మేక కాదు, బెదురు. కూకోండి. కల్లు మూసుకుని గుక్కా గుక్కా తాగండి. ఎవులూ మాటాడకండి."

పది నిమిషాల విరామం. మైదానం మధ్యలో, అంత గోల నడుమ, ఎనిమిది మంది మగాళ్ళు కళ్ళు మూసుకుని పలచటి అంబలి గుటకలు వేస్తున్నారు. కేంటీన్‌లోని నిశ్శబ్దం అక్కడికి నడిచొచ్చింది. అవతల గేర్ల వాళ్ళు గంతులేస్తూ ఒకరి వీపులు ఒకరు చరుచుకుంటున్నారు. మావాళ్ళ భుజాలు మెల్లగా కిందికి దిగడం నేను చూశాను.

లేచేటప్పుడు జగదాంబ బంగార్రాజుతో అంది. "నాకేసి సూడకు. గది గురించి ఆలోసించకు. నీ మడం నేలలో దిగిందా లేదా, అదొక్కటే సూసుకో."

కుండా లోటాలతో ఆమే నేనూ మళ్ళీ గట్టున కూర్చున్నాం. రెండో లాగుడు రెండు నిమిషాలు సాగింది. గెలిచాం! నా పక్కనున్న ఒడియా ముసలాయన నన్ను అమాంతం ఎత్తి దింపాడు. జన్మలో ఎప్పుడూ అరవని నేను ఏమరిచానో నాకే తెలియదు.

మూడోది మొదలైంది. తాడు ఇనపకమ్మీలా బిగిసింది. ఎర్రగుడ్డ అటు కదిలింది, ఇటు కదిలింది, నిలబడిపోయింది. బంగార్రాజు మడమలు మట్టిలో దిగబడి ఉన్నాయి. అతను జనాన్ని చూడటం లేదు, గీతని చూడటం లేదు. ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు, నెమరేసే ఎద్దులా. నిమిషం గడిచింది. గేర్ల వాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. నా పక్కన ఏదో కదిలినట్టయింది, కుండ ఎత్తిన చప్పుడేమో. కన్ను తిప్పితే గుడ్డ అటు పోతుందేమోనన్న భయంతో నేను తల తిప్పలేదు.

అవతల ఒకడి కాలు జారింది. ఒక్కటే. "హైస్సా!" అన్నాడు బలరామ్. ఎనిమిది మందీ ఒక్క అడుగు వెనక్కి వేశారు, ఇంకొకటి, ఇంకొకటి. గుడ్డ గీత దాటింది!

మైదానం పేలిపోయింది. టోపీలు, తువ్వాళ్ళు ఆకాశంలో ఎగిరాయి. సీతారామరావు కుర్చీ మీదికెక్కి అరుస్తున్నాడు. "కేంటీన్ ఆవిడదే! గది ఆవిడదే! రేపటి నుంచి నేనూ ఉలవలే తింటాను!" బంగార్రాజు ఒళ్ళంతా మట్టితో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అప్పా! అప్పేదీ? బాబూ, అప్పేదీ?"

తిరిగి చూశాను. ఆమె కూర్చున్నచోట తొమ్మిది లోటాలు, కడిగి బోర్లించి ఉన్నాయి. దూరంగా కార్ఖానాకి పోయే దారిలో, నెత్తిన కుండతో ఒక పొట్టి ఆకారం గబగబా నడిచిపోతోంది. వాళ్ళ నాన్న ఎడ్లకి కుడితి కలిపి ఉంచినట్టు, రెండింటి షిఫ్టు వాళ్ళకి అంబలి కలపాలనా? గదిలోంచి తన సామాను తీసుకోవాలనా? ఆ కేకలు అక్కడిదాకా వినబడే ఉండాలి. వెనక్కి తిరగలేదు.

నేను ఆమెకి మూరెడు దూరంలో కూర్చున్నాను. "వత్తాను బాబూ" అన్న మాట నాకు వినిపించలేదు.