మల్లక్క వేళ్లు

1971 ఎండాకాలం. గోదావరిఖనిలోని ఒక బండ్ల షెడ్డులో యోనా అంబులెన్సుకు తెల్లరంగు కొట్టాడు. వెనక లైటుకు కాగితం అతికించడం మరిచిపోయాడు. ఎర్రటి ప్లాస్టిక్ నిండా తెల్లటి తుంపర పడింది. కంగారుగా రంగును కరిగించే తిన్నరులో ముంచిన గుడ్డతో ఓ మూల తుడిస్తే, అక్కడ ప్లాస్టిక్ కాస్తా మసకబారింది.

"తిన్నరు వెట్టకు బిడ్డా, ఇంకింత ఖరాబైతది," అంది షెడ్డు ఊడుస్తున్న మల్లక్క.

ఆమె ఇక్కడికి రాకముందు పాత గనుల దగ్గర పదహారేళ్లపాటు బొగ్గులోంచి రాళ్లు ఏరిన మనిషి. ఆమె అరచేతులు కాయలు కాచి, పగుళ్లలో నలుపు ఇంకిపోయి ఉన్నాయి. ఆ చేతులు తగిలితే లైటు మీద గీతలు పడతాయని యోనా భయపడ్డాడు.

మల్లక్క పాత చీరముక్కను కిరసనాయిలులో తడిపి లైటు మీద కప్పింది. కాసేపాగి కళ్లు మూసుకుంది. వేలికొనలతో ఒక్కో చుక్కనూ వెతికి పట్టుకుని, గోటితో మెల్లగా లేపింది. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, మసకబారిన చోట తడి పళ్లపొడితో చాలాసేపు రుద్దింది.

"కండ్లెందుకు మూసినవక్కా?" అని అడిగాడు యోనా.

"బొగ్గు, రాయి రెండూ నల్లగనే ఉంటయి గద. ఆ దుమ్ముల కండ్లు తెరుస్తె మండేటియి. వేళ్లతోనే గుర్తువట్టి ఏరిన."

బండి కోసం వచ్చిన అంబులెన్సు డ్రైవరు ఎక్కి బ్రేకు తొక్కాడు. లైటు నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. యోనా దాన్ని తడిమి చూశాడు. ఒక్క గరుకు లేదు, ఒక్క గీత లేదు.

ఆ తర్వాత అతను రంగు కొట్టిన ఏ బండీ మల్లక్క తడిమి చూడకుండా షెడ్డు దాటలేదు.