జంప్ సీట్‌లో విన్న ఊపిరి

మధ్యలో నవ్వేవాళ్లు ఉంటే ఇప్పుడే నవ్వేయండి. మొదలుపెట్టాక నవ్వితే నేను ఊరుకోను.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పైలట్‌కు చెవుల్లో ఏవో చప్పుళ్లు వినిపించాయట అని ఒక్క మాట పైకి పోతే చాలు... డాక్టర్ల ముందు కూర్చోబెడతారు. తర్వాత ఇంట్లో కూర్చోబెడతారు. అందుకే కంపెనీ పేరు అడగొద్దు. ఆ కెప్టెన్ పేరూ అడగొద్దు. దేవుడి మీద ఒట్లు వేసే అలవాటు నాకు లేదు. నా లైసెన్స్ మీద వేస్తున్నాను. దాని మీద అబద్ధం ఆడితే నాకు అన్నం పుట్టదు. పైగా ఆ రాత్రి విన్నది నేనొక్కణ్నే కాదు, ముగ్గురం.

నా డ్యూటీ ఢిల్లీ నుంచి, ఇల్లేమో జహీరాబాద్‌లో. అవును, పిచ్చిపనే. డ్యూటీ అయ్యాక హైదరాబాద్ పోయే మా కంపెనీ విమానం ఏదో ఒకటి ఎక్కుతాను. అక్కడి నుంచి కారులో ఇల్లు. సీట్లన్నీ నిండిపోతే కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనక మడతపెట్టి ఉండే చిన్న సీటే దిక్కు. దాన్నే జంప్ సీట్ అంటాం. నడుం నిటారుగా పెట్టాలి, కాళ్లు చాపడానికి ఉండదు. ఆటోలో డ్రైవర్ పక్కన సగం పిర్ర మీద కూర్చుని కోహీర్ దాకా పోయినవాళ్లకు ఆ సుఖం ఏమిటో తెలుస్తుంది. దానికీ ఒక పద్ధతి ఉంది. తలుపు దగ్గర నిలబడి, "సర్, వెనక సీటు ఇస్తారా" అని ఆ విమానం కెప్టెన్‌ను అడగాలి. నువ్వెంత సీనియర్‌వైనా అడగాల్సిందే. ఆయన కాదంటే మారుమాట్లాడకుండా దిగిపోవాలి.

మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తలకెక్కేది కాదు.

"విమానం నడిపేటోనికి విమానంల సీటు దొర్కదా? గిదేం నౌకరిరా నీది!" అని మా బస్వరాజు బావ ఎగతాళి చేసేవాడు.

అక్క ఆయనకంటే రెండాకులు ఎక్కువ చదివింది. "మన చిరాగ్‌పల్లి కాడ రోడ్డు గంత వెడల్పున్నది గద. ఆడ్నే దింపరాదురా శివా? గా హైదరాబాద్ దాంక పోయి, మల్ల కార్ల ఎన్కకు వచ్చుడెందుకు?" అనేది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు వస్తే ఇక ఆగేది కాదు.

అక్క గురించి చెప్పాలి. చెప్పకపోతే మిగిలినదేదీ అర్థం కాదు.

నాకు నడక రాకముందే మా అమ్మ పోయింది. నన్ను పెంచింది అక్కే. తనకు పిల్లలు లేరు. నాకు పెళ్లి కాలేదు, వాళ్ల ఇంట్లోనే ఉంటాను. అక్కా బావా కలిసి పిండి గిర్నీ నడిపేవాళ్లు. బావ బస్తాలు మోసేవాడు. మోటారుకు బెల్టు పట్టా తగిలించి, జొన్నలు పోసి, పిండి పట్టేది మాత్రం అక్క. సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడిపోయేవి. ఆ పిండిలో చీర మీద పడ్డది దులిపితే పోయింది. లోపలికి పోయింది మాత్రం అక్కడే ఉండిపోయింది.

అక్క ఊపిరికి ఒక వరస ఉండేది. లోపలికి రెండు చిన్న చిన్న ఊపిరులు. బయటికి ఒక పొడవాటిది. దాని చివర్న సన్నగా పిల్లికూత. చిన్నప్పుడు నేను ఆమె పక్కనే పడుకునేవాణ్ని. అది వింటూనే నిద్రపోయేవాణ్ని. వెయ్యిమందిలో కలిపినా ఆ ఊపిరి నేను గుర్తుపడతాను. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

"ఒక్కపారి నీ విమానంల ఎక్కించరాదురా" అని అడిగేది. ఆమె ఊపిరితిత్తులకు విమానం పనికిరాదన్నాడు డాక్టర్. నేను ఎక్కించలేదు.

ఇక ఆ రోజు. చలికాలం. ఢిల్లీలో డ్యూటీ దిగి బ్యాగు సర్దుకుంటున్నాను. బావ ఫోన్.

"శివా, అక్కకు దమ్ము ఆడుతలేదురా. దవాఖానల వేసినం. ఆక్సిజన్ పెట్టిన్రు."

"హైదరాబాద్ తీసుకపోరాదు బావా!"

"తీస్కపోతె తొవ్వల ఏమన్న అయితదని డాక్టర్ భయపడుతుండు. ఆమెనేమో శివ ఏడి, శివ ఏడి అని ఒకటే తీర్గ అడుగుతున్నది. నువ్వు జల్ది రా. ఇంకేం చెప్పొస్తలేదు నాకు."

బావ ఏడుస్తున్నాడు. బస్తాలు మోసిన మనిషి. ఆయన ఏడవడం నేను అంతకుముందు వినలేదు.

ఆ రాత్రికి మిగిలింది ఒకే విమానం. నిండిపోయింది. కాక్‌పిట్ తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. అడగాల్సిన మాట నోట్లోంచి రాలేదు... "సర్, మా అక్క" అన్నాను, అంతే. కెప్టెన్ పెద్దాయన, మలయాళీ. నా మొహం చూసి, "లోపలికి వచ్చి కూర్చో" అన్నాడు. పక్కన ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, విజయనగరం అమ్మాయి. నేను తెలుగువాణ్నని తెలిసి, "పర్లేదు సార్, టైముకే చేరిపోతాం" అంది.

కూర్చున్నాను. భుజాల మీంచి బెల్టులు బిగించుకున్నాను. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ఆ సీటులో కూర్చున్నవాడు ముందు చేయాల్సిన పని ఒకటుంటుంది. పక్కన చిన్న పెట్టెలో ఆక్సిజన్ మాస్క్ ఉంటుంది. ఆ మాస్క్‌లో మైకు ఉంటుంది. దాని స్విచ్ వేసి, మీట నొక్కి, ఆక్సిజన్ వస్తోందా లేదా అని వినాలి. బుస్ మంటుంది. ఆ తర్వాత స్విచ్ తీసేయాలి. తీయకపోతే మాస్క్ దగ్గర ఏ చిన్న చప్పుడైనా కాక్‌పిట్‌లో ఉన్న అందరి చెవుల్లోకీ వస్తుంది. పైలట్‌కు అది పళ్లు తోముకున్నంత అలవాటు. ఆ రాత్రి నేను స్విచ్ వేశాను, విన్నాను. తీయడం మరిచిపోయాను. నా బుర్ర జహీరాబాద్ దవాఖానలో ఉంది.

పైకి లేచాం. ఫోన్ పనిచేయదు. కింద ఏం జరిగినా తెలియదు. విమానం నడపడం నా పని కదా... ఆకాశంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ కూర్చోలేదు. ముందు వాళ్లిద్దరూ తక్కువ గొంతుతో ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత మాటలు ఆగిపోయాయి. లైట్లు తగ్గించారు. నాగపూర్ దాటాం.

అప్పుడు...

మొదట గాలి చప్పుడు అనుకున్నాను. చాలా సన్నగా... చెవికి ఆనుకుని. ఆగింది. మళ్లీ వచ్చింది.

ఊపిరి.

ఫస్ట్ ఆఫీసర్ వెనక్కి తిరిగింది. "సార్... మీరేనా?"

కాదని తల ఊపాను. నా ఊపిరి బిగబట్టాను. ఛాతీ కదలకుండా పట్టుకున్నాను. అయినా వస్తోంది. లోపలికి... లోపలికి... బయటికి.

కెప్టెన్ తన మాస్క్ పెట్టె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "నాది కాదు" అన్నాడు. అమ్మాయి తనది చూసుకుంది. తనదీ కాదు. ఇద్దరూ నా వైపు చూశారు. నా పక్కన పెట్టె... మూత వేసే ఉంది. మాస్క్ లోపలే ఉంది. మూత మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. లోపల ఏదీ కదలడం లేదు.

లోపలికి చిన్నది. ఇంకో చిన్నది. బయటికి పొడవుగా...

చివర్న పిల్లికూత.

అమ్మా! నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అక్కా అందామనుకున్నాను. పెదాలు కదిలాయో లేదో తెలియదు.

ఎంతసేపు విన్నానో చెప్పలేను. గడియారం నా ముందే ఉంది, చూడలేదు. విన్నాను, అంతే. కాసేపటికి... ఆ ఊపిరి మారడం మొదలైంది. పిల్లికూత సన్నబడింది. ఇంకా సన్నబడింది. పోయింది. రెండు చిన్న ఊపిరుల బదులు ఒకటే వచ్చింది. లోతుగా... నిండుగా... ఏ అడ్డూ లేకుండా. బయటికి మెల్లగా, హాయిగా. మళ్లీ లోతుగా.

అక్క అలా ఊపిరి తీయడం నేను పుట్టాక వినలేదు.

భయం పోయింది. నిజం చెబుతున్నాను, ఆ తర్వాత ఒక్క క్షణం కూడా భయం లేదు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ఇంకా తియ్యి అక్కా, ఇంకా తియ్యి అని లోపల అనుకుంటున్నాను. ముందు వాళ్లిద్దరూ వింటున్నారు.

విమానం దిగడం మొదలుపెట్టింది. పదివేల అడుగుల కిందికి వస్తే కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట, చప్పుడు ఏదీ ఉండకూడదు. అది రూలు. ఆ రూలు నేనూ ఎంతోమందికి చెప్పినవాణ్నే. కెప్టెన్ చెయ్యి ఎత్తి, వెనక్కి చూడకుండా, మెత్తగానే అన్నాడు. "నీ మాస్క్ మైకు స్విచ్ ఆన్‌లో ఉన్నట్టుంది. తీసెయ్యి."

చెయ్యి దానంతటదే పోయింది. అన్నేళ్ల అలవాటు... టక్.

ఊపిరి ఆగింది. మళ్లీ రాలేదు.

దిగాక కెప్టెన్, "మైకు పాడైనట్టుంది, ఇంజనీర్లకు చెబుతాను" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. నేను ఫోన్ ఆన్ చేసి బావకు కొట్టాను. ఎత్తేలోపు ప్రాణం పోయి వచ్చింది.

"ఉన్నది. రా. జల్ది రా" అన్నాడు.

కారు ఎట్లా నడిపానో నాకే తెలియదు. సంగారెడ్డి ఎప్పుడు దాటిందో, సదాశివపేట ఎప్పుడు వచ్చిందో. ముంబై లారీలు ఒకదాని వెనక ఒకటి. హారన్ కొట్టుకుంటూ, తిట్టుకుంటూ పోయాను. ఉన్నది అన్నాడు కదా, ఉన్నది అన్నాడు కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఉంది. మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మొహానికి ఆక్సిజన్ మాస్క్. మళ్లీ అదే పాత ఊపిరి, ఇంకా కష్టంగా. నన్ను చూసింది. గుర్తుపట్టింది. నా కుడిచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఇంకో చేత్తో మాస్క్ కిందికి గుంజింది.

"తియ్యకమ్మా, తియ్యకు!" అంది నర్సు.

అక్క వినలేదు. నా చేతి వైపే చూస్తోంది.

"మంచిగ ఆడుతుండెరా దమ్ము..." అంది. ఆగింది. మళ్లీ అంది. "ఎందుకు బంద్ చేసినవ్?"

కోపం లేదు ఆ గొంతులో. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

బావ నా భుజం పట్టుకున్నాడు. "సిలిండర్ మార్చేటప్పుడు జరసేపు ఆక్సిజన్ ఆగె. గదే పట్టుకోని కూసున్నది. నువ్వేం పరేషాన్ గాకు" అన్నాడు.

నర్సును బయటికి తీసుకుపోయి అడిగాను. "అవునన్నా, సిలిండర్ అయిపోతె మార్చినం. కని దానికి ముంగట కొద్దిసేపు చాన మంచిగ పీల్చుకున్నది. మిషిన్ల ఆక్సిజన్ నంబర్ పైకి పోతుంటె నేను డాక్టర్‌ను గుడ పిలిచిన. ఇగ బతికె అనుకున్న" అంది.

ఎప్పుడు అని అడగాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

అక్క ఆ మాట తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు. నా చెయ్యి వదల్లేదు. తెల్లవారకముందే పోయింది. నేను పక్కనే ఉన్నాను. చివరి ఊపిరి దాకా పక్కనే ఉన్నాను. అందరూ అదే అన్నారు, అదృష్టవంతుడివి, అందుకున్నావు అని.

దినాలు అయ్యాక ఆ విజయనగరం అమ్మాయి ఫోన్ చేసింది. మైకులో ఏ లోపమూ దొరకలేదట. "నేను ఎవరికీ చెప్పలేదు సార్" అంది. నీకేం వినిపించిందమ్మా అని అడిగాను. "మొదట్లో భయమేసింది. తర్వాత మాత్రం... ఎవరో హాయిగా నిద్రపోతున్నట్టు వినిపించింది సార్" అంది.

డాక్టర్‌ను కూడా అడిగాను, విమానం సంగతి చెప్పకుండా. మెదడుకు ఆక్సిజన్ తగ్గితే మనిషి ఏవేవో అంటాడు, పట్టించుకోవద్దన్నాడు. మంచివాడు. సరే అన్నాను. నర్సు ఇప్పటికీ అదే దవాఖానలో ఉంది. పోయి అడిగితే ఆ సమయం చెబుతుంది. పోలేదు. పోను.

అది ఉత్త మైకు చప్పుడే అయితే, మా అక్క నాతో అన్న ఆఖరి మాట ఉత్త పలవరింత. అక్కే అయితే... నాకు తెలిసి మొదటిసారి ఆమెకు దమ్ము మంచిగా ఆడుతుంటే, బంద్ చేసింది నేను. ఈ రెంటిలో ఏది నిజం కావాలని మొక్కుకోవాలో నాకు తెలియడం లేదు.