గుయ్ వేటగాడు

వోఫా బేడియాకోకు ఈ ప్రపంచంలో ఒక్కటే శత్రువు: గుయ్. స్పీకరులోంచి, మైకులోంచి, గోడలోంచి వచ్చే సన్నటి గుయ్. మనకు వినపడదు, ఆయనకు వినపడుతుంది. పెళ్ళిలో అందరూ చిందులేస్తుంటే ఆయన స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు తడుముతుంటాడు. ఓ ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి, "పాస్టరుగారూ, దేవుడికి మీ మాటకన్నా ముందు గుయ్ వినపడుతోంది, ఆ మైకు మార్చండి" అన్నాడు.

వోఫా అంటే మేనమామ. ఆయన ఎవరికీ మేనమామ కాడు గానీ, కుమాసీలో మా బంటామా పేటలో, ఒకే వాకిలి చుట్టూ ఉన్న మా పదకొండు కాపురాలకూ ఆయన వోఫాయే. బయటి చప్పుడు రాకుండా గది గోడలకు గుడ్ల అట్టలు అంటించుకుని, ఒక లాప్‌టాపూ ఒక మైకూ పెట్టుకుని భక్తిపాటలూ, రేడియోకి చావు ప్రకటనలూ రికార్డు చేసేవాడు. చేసేవాడనడం కన్నా, చేయబోయేవాడనడం న్యాయం.

"అదుగో! వినపడుతోందా?"

"లేదు వోఫా."

"చెవుల్లో ఫూఫూ ముద్దలు పెట్టుకున్నావా?"

ఇక వేట మొదలు. ఒకరి టీవీ ప్లగ్గు పీకేవాడు, ఇంకొకరి ఇస్త్రీపెట్టె ఎత్తుకొచ్చేవాడు. ఓసారి అనుమానం తీరక కోడిపెట్టను కూడా బుట్ట కింద మూశాడు.

నాకేమో రేడియోలో వార్తలు చదవాలని పిచ్చి. మూడేళ్ళు తిరగ్గా తిరగ్గా ఒక స్టేషను వాళ్ళు, శుక్రవారం సాయంత్రం ఐదులోపు మూడు నిమిషాల వార్తలు చదివి పంపమన్నారు. అంతకుముందు ఫోనులో చదివి పంపితే, "గొంతు బాగుందమ్మా, వెనక దోమలే బాగాలేవు" అన్నారు. ఇది ఆఖరి అవకాశం. అందుకే శుక్రవారం పొద్దున్నే వెళ్ళి వోఫా మైకు ముందు కూర్చున్నాను.

గుయ్. మైకు వైరు మార్చాడు. గుయ్. పదకొండింటికి లాప్‌టాప్ ఛార్జరు పీకేసి, బ్యాటరీ మీద పెట్టి, "చదువు" అన్నాడు. చదివాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. మొహం వెలిగింది. అంతలో కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"ఇంకా ఉంది" అన్నాడు.

"ఎక్కడ?"

"ఆచియక్క ఫ్రిజ్జులో."

ఇక అయినట్టే. ఆచియక్క సోబోలో షర్బత్తు అమ్ముతుంది. ఎర్రగా, పుల్లగా, పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. ఆ ఫ్రిజ్జు పోయిన పెనిమిటి కొన్నది. దాన్ని తెరవాలంటే రబ్బరు చెప్పులు తొడుక్కుని, చేతికి పొడిగుడ్డ చుట్టుకునేది. ఎందుకని అడిగితే, "అలవాటు" అనేది. బాగుచేస్తామని వచ్చిన ఇద్దరు ఎలక్ట్రీషియన్లను చీపురుతో తరిమింది.

"అక్కా, నీ ఫ్రిజ్జు గుయ్‌మంటోంది" అన్నాడు వోఫా.

"ఏమయ్యా, రాత్రంతా నువ్వు గురక పెడితే నేనొచ్చి నీ ముక్కు బాగుచేశానా?"

"నాకేం నష్టం లేదు. పోకువా ఉద్యోగం పోతుంది, అంతే."

పోకువా అంటే నేనే. ఆచియక్క నావైపు చూసి మెత్తబడింది. "పోనీ, కాసేపు ప్లగ్గు పీకుతాలే."

"పీకితే నీ సోబోలో వేడెక్కదూ? ఈ గుయ్‌ని నేలలోకి పంపాలి."

"ఏదో చేసి చావు. పిల్లకోసం ఒప్పుకుంటున్నా. ఫ్రిజ్జుకు రోగమన్నావో, చీపురు ఇక్కడే ఉంది."

మూడింటికి వోఫా ఆమె గుమ్మం పక్కన గొయ్యి తవ్వాడు. రాగికడ్డీ దించాడు. చుట్టూ బొగ్గులు పోశాడు, ఉప్పు చల్లాడు, నీళ్ళు పోస్తూ, "పో, కిందికి పో" అని గొణిగాడు. వాకిట్లో రాత్రి తిండికి ఫూఫూ దంచుతున్న రోకళ్ళు టక్కున ఆగిపోయాయి.

"చేతబడి! ఆచియక్క గుమ్మంలో చేతబడి!"

ఆచియక్క రోకలి అందుకుంది. ఇంటి పెద్ద ఒపాన్యిన్ తావియా భుజాన వస్త్రం సర్దుకుంటూ వచ్చాడు.

"బేడియాకో, ఉప్పెందుకు?"

"నేల తడి ఆరకుండా."

"పొమ్మంటున్నావే, ఎవర్ని?"

"కరెంటును."

"చూశారా, పేరుపెట్టి పిలుస్తున్నాడు!" అంది ఎవరో.

పెద్దలకు సారా ధార పోయనిదే విచారణ లేదన్నాడు ఒపాన్యిన్. సీసా వెతకడానికి పావుగంట, తాతముత్తాతల పేర్లు పిలవడానికి ఇరవై నిమిషాలు. పోయినవాళ్ళకు తొందరేముంది? నాకు అరికాళ్ళు కాలిపోతున్నాయి.

"అయ్యా, ఆ ధారేదో ఈ కడ్డీ మీదే పొయ్యండి, తడి మంచిది" అన్నాడు వోఫా. నేను తల పట్టుకున్నాను.

ధార అయ్యేలోపే వోఫా కడ్డీకీ ఫ్రిజ్జుకూ వైరు బిగించాడు. "అక్కా, చెప్పులు విడిచి, గుడ్డ తీసేసి, ముట్టుకో."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఆచియక్క ఒక వేలు పెట్టింది. తర్వాత అరచెయ్యి మోపింది. చాలాసేపు తియ్యలేదు.

"జివ్వుమనడం లేదు" అంది మెల్లగా. వెంటనే గొంతు పెంచింది. "నే చెప్పలేదూ, మా ఆయన కొన్న ఫ్రిజ్జుకు రోగం లేదని!"

నాలుగున్నర. నేను పరుగున వెళ్ళి మైకు ముందు పడ్డాను. "వోఫా, తొందరగా! చదువుతాను!"

"పొద్దున చదివావుగా. పన్నెండింటికే పంపేశాను."

హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాను. నా గొంతు ఒక్కటే. ఒక్క దోమ లేదు. "మరి గుయ్?"

"ఛార్జరు పీకగానే పోయింది."

"ఇంకా ఉందన్నావే!"

"ఉంది, అక్కడ. ఎప్పుడు ప్రాణం తీస్తుందో తెలీదు" అని ఆచియక్క గుమ్మంవైపు చూపించాడు. "ఎర్తు వేస్తానని రెండేళ్ళుగా బతిమాలుతున్నా. తనకోసమంటే వినదు. నీకోసమంటే ఒప్పుకుంది."

ఆయన్ని కొట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియక వెళ్ళి రెండు సీసాల సోబోలో తాగాను. ఫ్రిజ్జు నేనే తెరిచాను, ఒట్టి చేత్తో.

ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు వార్తలు చదివి బయటికి రాగానే ఫోను మోగింది.

"ఎలా ఉంది వోఫా?"

"ఎవరు విన్నారు? వెనక ఒకటే గుయ్. మీ స్టేషనులో ఎవరి దగ్గరో ఏదో ఉంది, చూడు."

ఛాదస్తం అని నవ్వుకున్నాను. అయినా కాళ్ళు ఊరుకోలేదు, గదిగదికీ తిరిగాను. చివరికి గేటు పక్క కాపలా ముసలాయన కొట్టులో నీళ్ళు కాచే కెటిల్ కనపడింది. దాని పిడికి పొడిగుడ్డ చుట్టి ఉంది.

"ఇదెందుకు తాతా?"

"అలవాటమ్మా" అన్నాడు.

మర్నాడు సంచిలో రాగికడ్డీ, బొగ్గులు, ఉప్పు పొట్లం పెట్టుకుని వెళ్ళి, ఆయన కొట్టు గుమ్మంలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను. ముసలాయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"తల్లీ, నిన్నగాక మొన్న వచ్చావు, నీకు నేనేం ద్రోహం చేశాను?"