వంక పక్కన ఒక చుట్టు, వెనకాల అక్క

మత్తిగిరిలో మా వెనక వీధి దాటితే వంక. ఒకప్పుడు ఆ పక్కకు పోవాలంటే ముక్కు మూసుకునేవాళ్లం. ఇప్పుడు రెండు గట్ల మీదా సిమెంటు ఇటుకలు పరిచి, అక్కడక్కడా బెంచీలు వేసి, రెండు చివర్లా చిన్న వంతెనలు కట్టారు. ఈ గట్టున పోయి, దూరపు వంతెన దాటి, ఆ గట్టున తిరిగొస్తే ఒక చుట్టు. ఎత్తుపల్లాలు లేవు, లారీలు లేవు. హోసూరు మొత్తంలో ఇంతకంటే సుఖమైన దోవ నేను చూడలేదు. అయినా కాలు విరిగేదాకా ఒక్క రోజు కూడా దాని మీద నడవలేదు. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడేవాడికి మళ్లీ వాకింగ్ ఎందుకనేది నా వాదన.

సర్వీసు రోడ్డు మీద ఇసుకలో బండి జారింది. కుడికాలిలో ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గాని ఆ కాలి మీద నాకు నమ్మకం పోయింది. కంపెనీ డాక్టరు ఒకటే మాట చెప్పాడు. నెలాఖరుకు కర్ర లేకుండా తన ముందు నడిచి చూపిస్తే మళ్లీ లైన్లోకి, లేకపోతే స్టోర్సులో కుర్చీ. ఇరవై ఏళ్లుగా గేర్‌బాక్సులు బిగించిన చేతులు నావి. ఆ కుర్చీని తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. నా భార్యది పొద్దుటి షిఫ్టు, నన్ను పట్టుకొని నడిపించే తీరిక ఆమెకు లేదు. అందుకని కల్లావి నుంచి మా అక్క వచ్చింది.

అక్క నాకంటే పదేళ్లు పెద్ద. బుద్ధి తెలిసినప్పటి నుంచీ గొర్రెల వెంట తిరిగిన మనిషి. మందను మరిదికి అప్పగించి, రెండు చీరలు సంచిలో పెట్టుకొని బస్సెక్కింది. మొదటి రోజు గట్టు మీద నిలబడి ఈ దోవ యాడికి పోతుందని అడిగింది. తిరిగి ఇక్కడికే వస్తుందన్నాను. నమ్మలేదు. ఇంత చక్కగా ఇటుకలు పరిచి యాడికీ పోని దోవ వేస్తారా అని వంతెన దాకా చూసి వచ్చింది. అంచున పొన్నగంటి కూర గుబురుగా పెరిగింది. వంగి ఒక ఆకు తుంచి, వాసన చూసి, నీళ్లు మంచివి కావని వదిలేసింది. ఆ ఆకు కోసం రెండు రోజులు బాధపడింది.

నా మోచెయ్యి పట్టుకొని నడిపిస్తుందనుకున్నాను. పట్టుకోలేదు. నాలుగడుగులు వెనక నడిచింది. ఆస్పత్రిలో వ్యాయామం చేయించిన అమ్మాయి నేను అడుగేసినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. నా భార్య అయితే భయంతో కళ్లు మూసుకునేది. అక్కకు చప్పట్లూ లేవు, భయమూ లేదు. రెండో రోజు నాకు తిక్క రేగి, పోలీసులా వెనకాల ఎందుకు వస్తున్నావని అడిగాను. కాలు బాగలేని గొర్రెకు ముందు నడిస్తే అది అందుకోవాలని ఉరికి కాలు చెడగొట్టుకుంటుందట. పక్కన నడిస్తే ఒరుగుతుందట. వెనకాల ఉంటేనే దాని నడక అది నడుస్తుందట. నన్ను గొర్రెను చేసినందుకు ఒక పూట మాట్లాడలేదు. కానీ ఆ పూటే మొదటిసారి సగం చుట్టు పూర్తి చేశాను.

ఆమె చెవి మాత్రం గొప్ప చెవి. నా పాదంలో ఏ భాగం ముందు నేలకు తగులుతున్నదీ వెనక నుంచి విని చెప్పేది. మడమ దించమనేది, భయంతో వేళ్ల మీద నడుస్తున్నావనేది. ఎక్స్‌రేలో కనిపించనిది ఆమెకు వినిపించేది. ఖరీదైన బూట్లు వేసుకొని రోజూ మమ్మల్ని దాటిపోయే ఒక రిటైర్డు పెద్దాయనతో, నీ నడుము ఎడమ పక్కకు దిగుతోందని అరవంలో చెప్పేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఆయనే ఆగి, ఏం చేయాలో అడిగి వెళ్లాడు. ఆ తర్వాత కన్నడం మాట్లాడే ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చి మోకాళ్ల నొప్పుల గురించి అడిగారు. చదువు లేని మా అక్క ఆ గట్టు మీద మూడు భాషల్లో వైద్యం చేస్తుంటే నాకు గర్వంగా ఉండేది. పైకి మాత్రం విసుక్కునేవాణ్ణి.

మూడో వారంలో ఒక పొద్దున కర్ర ఇంట్లోనే వదిలేసి బయలుదేరాను. పశువుల ఫారం వైపు నుంచి కోసిన పచ్చిమేత వాసన వస్తోంది. వంకలో కొంగలు నిలబడి ఉన్నాయి. పది అడుగులు వేసేసరికి ఈ రోజు వేరని నాకే తెలిసిపోయింది. కాలు దానంతటది లేస్తోంది, దిగుతోంది. కాలితో పాటు నా నోరు కూడా లేచింది. డాక్టరు ముందు ఎలా నడుస్తానో చెప్పాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాలని చూసిన సూపర్‌వైజరుకు ఏమని జవాబిస్తానో చెప్పాను. వంతెన దాటాను, ఆ గట్టున కూడా చెబుతూనే ఉన్నాను. అక్క పలకలేదు. నడకలో తప్పు లేకపోతే ఆమె ఏమీ అనదు కాబట్టి పట్టించుకోలేదు. ఎదురొచ్చినవాళ్లు నవ్వుతుంటే నా నడక చూసి సంతోషపడుతున్నారనుకున్నాను.

చుట్టు పూర్తయింది. చూశావా అక్కా అని గర్వంగా వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

 అటూ ఇటూ చూస్తే, మేము బయలుదేరిన గట్టునే మొదటి బెంచీ మీద కూర్చొని కనిపించింది. నన్ను పరీక్షించడానికి వదిలేసిందనుకున్నాను. కోపం ముంచుకొచ్చింది. దగ్గరికి పోయి, పడి ఉంటే ఎవరు దిక్కని గట్టిగా అడిగాను.

ఆమె రెండు చేతులతో ఎడమ మోకాలు పట్టుకొని ఉంది. చీర మీది నుంచే వాపు తెలుస్తోంది.

"మోకాలు వంగలేదప్పా. ఈడనే కూలబడిపోయినాను."

పిలవకపోయావా అన్నాను.

"పిలిస్తే నువ్వు గబుక్కున తిరుగుతావు. కాలు బాగలేనిది తిరిగేటప్పుడే పడేది. అట్లే పోనీలే అని నోరు మూసుకున్నాను."

ఎప్పటి నుంచి నొప్పి అని అడిగాను. బస్సెక్కేటప్పుడే ఉందని, ఇటుకల మీద నడిచే కొద్దీ ఎక్కువైందని, ఏదో చిన్న విషయంలా చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు వారాలు నా ప్రతి అడుగూ విన్న మనిషి. నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఆమె ఎలా నడుస్తోందో చూడలేదు. గొర్రెకైనా ఇంతకంటే జ్ఞానం ఉంటుంది.

లేవమని రెండు చేతులూ చాచాను. వద్దంది. ఇద్దరమూ పడతామని, మరదలు షిఫ్టు నుంచి వచ్చేదాకా ఇక్కడే ఉంటానని అంది. నేను వినలేదు. కుడికాలు ముందుకు వేసి, ఆమె చేతులు గట్టిగా పట్టుకొని లాగాను. లేచి నా మీదికి ఒరిగింది. ఆమె బరువూ నా బరువూ ఆ ప్లేటు వేసిన కాలి మీదే పడ్డాయి. కాలు కదలలేదు. అలాగే ఆమెను ఆనించుకొని మెల్లగా ఇంటికి తెచ్చి, ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయాను. నెలాఖరున నా కాలికి పరీక్ష ఉందన్న సంగతి ఆ రోజంతా నాకు గుర్తు రాలేదు.