ఒత్తులు కనబడాలె

ఇంట్లోనే సినిమా చూసుకునేందుకు మా పైగదిని సిద్ధం చేసుకున్నాను. ఇక ప్రొజెక్టర్, పెద్ద స్పీకర్లు కొనాలి. వాటికోసం కరీంనగర్‌లోని దుకాణానికి బయల్దేరుతుంటే, ఆదిలాబాద్ నుంచి అక్కతో వచ్చిన బావ, "నేను సుత వస్త" అంటూ చెప్పులేసుకున్నాడు.

బావకు చెవులు వినబడవు. ఇరవై ఏళ్లకు పైగా పత్తి మిల్లులో పనిచేశాడు. ఆ యంత్రాల మోతకు వినికిడి కొద్దికొద్దిగా పోయింది. మేం ఏం చెప్పాలన్నా ఫోన్‌లో రాసి చూపిస్తాం. నా సినిమా గదితో ఆయనకేం పని ఉంటుందని నేను ఆలోచించనే లేదు.

దుకాణంలో చీకటి గదిలో కూర్చోబెట్టి, నేను ముందే ఖాయం చేసుకున్న ప్రొజెక్టర్‌ను వేశారు. డబ్బా మీద 4కె అని పెద్ద అక్షరాలు. తెర మీద సముద్రం, తర్వాత రంగురంగుల చిలుకలు. బాగుందని తలూపాను.

ఇంతలో బావ గదంతా దద్దరిల్లేలా అన్నాడు. "గీ పిట్టలను ఎవలన్న సూస్తరు. కింద తెలుగు అచ్చరాలు వచ్చేటి సినిమా పెట్టుమను."

నా ఫోన్ కలిపి అలాంటి సినిమా ఒకటి పెట్టాను. బావ లేచి వెనక గోడ దాకా వెళ్లి అక్కణ్నుంచి చదవబోయాడు.

"గామె పతి అంటుందా, పత్తి అంటుందా? ఒత్తులన్ని ముద్దముద్దయితున్నయి."

నిజమే. చెవులున్న నేను అసలు ఆ అక్షరాల వైపే చూడలేదు. దుకాణాయన నొచ్చుకోలేదు.

"పెద్దాయన మంచిగ పట్టిండు సార్. గిది 4కె సినిమాను తీసుకుంటది గని, తెర మీద సూపెట్టేది తక్కువ రిజల్యూషన్‌లనే. బొమ్మలల్ల తెల్వది, అచ్చరాలల్ల దొరుకుతది."

రెండోదీ అంతంత మాత్రమే. మూడోది అసలైన 4కె. అది వెలగగానే బావ గోడకు ఆనుకుని గడగడా చదువుకుంటూ పోయాడు. దుకాణాయన సినిమా ఆపలేదు. చాయ్ తెప్పించి ఆయన చేతికిచ్చాడు.

నేను ఫోన్‌లో రాసి చూపించాను. "ఇన్నేండ్లు మాతోని సినిమాలకు వచ్చినవు గద బావా, ఏం సమజయ్యేది?"

"మీ మొకాలు సూసేటోన్ని," అన్నాడు మామూలుగా. "మీరు నవ్వితె నవ్వేటోన్ని."

ఎన్ని సినిమాలకు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. మూడోదే తీసుకున్నాను. పెద్ద స్పీకర్లు వద్దనుకుంటే గాని దాని ధర నాకు అందలేదు. ఆ మాట బావకు చెప్పలేదు.

ఆ సాయంత్రం అందరం పైగదిలో కూర్చున్నాం. కింద అక్షరాలు పడగానే బావ గట్టిగా చదివేస్తున్నాడు. నటుడు నోరు తెరిచేలోపే మాకు మాట తెలిసిపోతోంది. పిల్లలు విసుక్కున్నారు. అక్క మోచేత్తో పొడిచింది.

"ఏందే, సదువొద్దా?" అన్నాడు బావ తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

హీరో, అతని తల్లి, విలన్ అందరూ ఆదిలాబాద్ యాసలోనే మాట్లాడుతున్నారు. సగం సినిమా అయ్యేసరికి నా భార్య రిమోట్ అందుకుని సౌండు తగ్గించింది. మిగతా సగం బావ గొంతులోనే విన్నాం.